వంటావిడకి ఎడమ పక్క

జూన్ 3

బావమరిదికి,

పుస్తకం సంగతి ఖాయమైంది. మాసపత్రిక వాళ్ళే వేస్తున్నారు. మీ అక్క వాళ్ళకి ఇన్నేళ్ళుగా రాసిన పజిళ్ళలోంచి అరవై ఏరారు. సగం కాగితాలు దీనితో పంపుతున్నాను, మిగతావి తరువాత. ఒక్కొక్కటీ చేసి చూడు. అచ్చుతప్పులు నేను చూసుకుంటాను. తర్కంలో తప్పులు ఉండవు. అయినా ఇంకొక మనిషి చూడాలని ప్రచురణకర్త పట్టుబట్టాడు. ఆమె ప్రతి పజిలూ అచ్చుకి పంపే ముందు సరదాకి నీకు పోస్టు చేసేది కదా, అందుకని నీ పేరు చెప్పాను.

ఆమె పోయాక నీకు ఫోన్ చేయలేదని కోపం పెట్టుకోకు. ఫోన్లో నా గొంతు నాకే నచ్చడం లేదు. కాగితం మీద కొంత నయం.

నీళ్ళ ల్యాబులో పని మామూలే. పాత మార్కెట్ వెనక వీధిలో కుళాయి నీళ్ళు వాసన వస్తున్నాయని ఫిర్యాదు. సీసాల పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. కారణాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తున్నాను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

మీ బావ


జూన్ 9

బావా,

కాగితాలు అందాయి. కవరు మీద నీ రాత చూసి మీ చెల్లెమ్మ ఏమందో తెలుసా? "మీ బావగారు అడ్రసు కూడా పొదుపుగానే రాస్తారు, ఊరి పేరు పోస్టుమాన్ ఊహకి వదిలేశారు" అంది. నువ్వు భోజనం చేస్తున్నావా, లేక దాన్నీ పొదుపు చేస్తున్నావా అని కూడా అడగమంది. దీనికి జవాబు రాయడం మరిచిపోకు, లేకపోతే నా ప్రాణం తోడేస్తుంది.

మా రైల్వే సిగ్నల్ క్యాబిన్‌కి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇక్కడి లీవర్ల సంగతి నీకు చెప్పాను కదా, ఒకటి లాగితే దానికి విరుద్ధమైనది బిగుసుకుపోతుంది, ఇక ఎవరు లాగినా రాదు. ఆ మహానుభావుడు బిగుసుకున్నదాన్నే పట్టుకుని గుంజాడు. భుజం పట్టేసింది. "తర్కంతో కుస్తీ పట్టకూడదు సార్" అన్నాను. నవ్వలేదు. నా సెలవు చీటీ మీద సంతకమూ పెట్టలేదు.

ఇక అసలు సంగతి. ముప్ఫై పజిళ్ళూ చేశాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, పదిహేడో నంబరు తప్ప. అది గుండ్రబల్ల పజిల్. నీ దగ్గర కాగితం లేదు కాబట్టి, అక్క పెట్టిన ముచ్చట్లు వదిలేసి ఆధారాలు మాత్రం ఇక్కడ రాస్తున్నాను:

గుండ్రబల్ల చుట్టూ ఆరుగురు, మొహాలు బల్ల వైపు పెట్టి కూర్చున్నారు. నర్సుకి ఎదురుగా దర్జీ ఉన్నాడు. టీచరుకి ఎదురుగా తోటమాలి ఉన్నాడు. దర్జీకి ఒక పక్క టీచరు, ఇంకో పక్క డ్రైవరు. ఆరో మనిషి వంటావిడ. ఆమెకి ఎడమ పక్క ఎవరున్నారు?

వంటావిడ టీచరుకీ నర్సుకీ మధ్యన పడుతుంది, అంతవరకూ బాగానే ఉంది. ఎడమ పక్కన మాత్రం టీచరైనా కావచ్చు, నర్సైనా కావచ్చు. అందరినీ అటు వరస ఇటు తిప్పి కూర్చోబెట్టినా ప్రతి వాక్యమూ నిజమే అవుతుంది. రెండు జవాబులు. దీనికి చివరి వాక్యం పడలేదు. ఎప్పటిలాగే నేను రాసి పంపేస్తాను, పెద్ద పనేం కాదు. సరేనా?

నీ బావమరిది


జూన్ 14

బావమరిదికి,

భోజనం చేస్తున్నాను. చెల్లెమ్మకి చెప్పు.

పదిహేడో నంబరు నేనూ చేశాను. జవాబు టీచరు. ఒకే జవాబు. నువ్వు ఎక్కడో పొరబడ్డావు.

"ఎప్పటిలాగే" అని రాశావు. దాని అర్థం నాకు తెలియలేదు. ఆమె పజిళ్ళలో ఇంకొకరు వాక్యాలు చేర్చవలసిన అవసరం లేదు. ఉన్నది ఉన్నట్టే అచ్చవుతుంది. మిగతా ముప్ఫై పంపుతున్నాను. తీరిక ఉంటేనే చూడు.

వీధి నీళ్ళ వాసన ఇంకా తేలలేదు. మురుగు కాలువ కలుస్తోందేమోనని తవ్వించాం. కలవడం లేదు. ఆ కారణం కొట్టేశాను.

మీ బావ


జూన్ 20

బావా,

ఎప్పటిలాగే అంటే ఏమిటని నన్నే అడిగావు. బాగుంది. నా పని నాకే గుర్తు చేయమంటున్నావన్నమాట. ఏదో వేళాకోళం అనుకుని నవ్వాను, కానీ రెండోసారి చదివితే నవ్వు రాలేదు.

పోనీలే. నేను పొరబడలేదు, నువ్వే చూడు. బల్ల మీద ఆరు కప్పులు గుండ్రంగా పెట్టు. ఒక్కోదానికీ ఒక చీటీ: దర్జీ, నర్సు, అలా. అన్ని ఆధారాలూ సరిపోయేట్టు సర్దు. ఇప్పుడు వాటికి పక్కగా అద్దం నిలబెట్టు. అద్దంలో కూడా నర్సుకి ఎదురుగా దర్జీయే ఉంటాడు, టీచరుకి ఎదురుగా తోటమాలే ఉంటాడు. ఎడమా కుడీ మాత్రం తారుమారు అవుతాయి. ఇచ్చిన ఆధారాలన్నీ "పక్కన", "ఎదురుగా" అంటున్నాయి గానీ ఏ చేతి వైపో ఒక్కటీ చెప్పడం లేదు. అంతే సంగతి. తప్పంటే నేరం కాదు బావా, దానికంత మొహం మాడ్చుకోవడం ఎందుకు?

ఒక్క మాట అడుగుతాను. ఈ పదిహేడోది ఏ నెల పత్రికలో వచ్చింది? నెల చెబితే ఇది ఇలా ఎందుకు అయిందో నేను చెప్పగలను.

మీ చెల్లెమ్మ వారం రోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళమంటోంది. ఆవిడ రమ్మంటే వచ్చేయడం మంచిది, నా అనుభవం.

నీ బావమరిది


జూన్ 25

బావమరిదికి,

ఏ నెల అని ఎందుకు అడిగావో తెలుసు. చెప్పను.

నువ్వు వాక్యం చేర్చాలని ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నావో ఆలోచించాను. పుస్తకంలో నీ పేరు ఉండాలనుకుంటే సూటిగా అడుగు. వేయిస్తాను. అందుకోసం ఆమె రాసినదానిలో తప్పులు వెతకనక్కర్లేదు.

కాగితాలన్నీ తిప్పి పంపు. ప్రచురణకర్త వేరే ఎవరికైనా ఇస్తాడు.

వాసన సంగతి తేలింది. పైపుల్లో ఏమీ లేదు. వీధి చివరి మేడ మీద మూత లేని ట్యాంకు ఉంది, అందులోని నీళ్ళు ఒక పాత గొట్టం గుండా వెనక్కి వీధి లైనులోకి దిగుతున్నాయి. నేను రాసుకున్న కారణాల్లో అది లేదు. అన్నీ కొట్టేశాక మిగిలినదే నిజమనుకుని ఒక మంచి పైపుని బద్దలు కొట్టించాను. అధికారి మందలించాడు.

ఇప్పట్లో రాలేను.

మీ బావ


జూలై 2

బావా,

కాగితాలు దీనితోనే ఉన్నాయి. రెండో కట్ట కూడా చేశాను, అందులో తప్పులేం లేవు. నువ్వు తిప్పి పంపమన్నాక కూడా చేశానని, ఇది కూడా పేరు కోసమే అనుకోకు.

నీ ఉత్తరం చదివి బల్ల మీద పడేస్తే మీ చెల్లెమ్మ తీసి చదివింది. ఎప్పుడూ నన్ను తిట్టే మనిషి, ఈసారి నన్నేమీ అనలేదు. దాన్ని బట్టి అర్థం చేసుకో ఎలా రాశావో.

నాకు పేరెందుకు? మీ పెళ్ళినాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. సెలవులన్నీ మీ ఇంట్లోనే. నాకు సైకిల్ నేర్పింది నువ్వు, నేను ఆ సైకిల్‌ని గేటుకి గుద్దితే అక్కకి చెప్పకుండా దాచిందీ నువ్వు. ఆ మనిషి ఇంత పొడి ఉత్తరం రాయడం ఎక్కడ నేర్చుకున్నాడు? నెల ఎందుకు అడిగానో తెలుసన్నావు. ఏం తెలుసు నీకు? నేను అడిగింది ఒక చిన్న సంగతి గుర్తు తెచ్చుకోవడానికి. నువ్వు దానికి ఇంకేదో అర్థం పెట్టుకున్నావు. ఆ అర్థమేంటో నేను ఎంత తల బద్దలు కొట్టుకున్నా దొరకలేదు. అరవై పజిళ్ళు చేసినవాణ్ణి, నీ ఉత్తరం ఒక్కటి విప్పలేకపోయాను.

సూటిగా అడగమన్నావుగా, అడుగుతున్నాను. పదిహేడో నంబరుతో నీకు భయమేంటి?

జవాబు రాయకపోతే సెలవు దొరక్కపోయినా వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను.

నీ బావమరిది


జూలై 8

బావమరిదికి,

పేరు సంగతి రాసి ఉండవలసింది కాదు. చెల్లెమ్మకి కూడా చెప్పు.

నువ్వు చెప్పినట్టు కప్పులు పెట్టి అద్దంలో చూశాను. నువ్వు చెప్పిందే నిజం. జూన్ 25న రాసిన ఉత్తరం అది చూశాక రాసినది. అందుకే అలా ఉంది.

మీ అక్కకి తలలో గడ్డ ఉందని తెలిసిన రోజు మెదడు డాక్టరు నన్ను విడిగా కూర్చోబెట్టి అడిగాడు. "ఆవిడకి బాగా అలవాటైన పనుల్లో పొరపాట్లు మొదలయ్యాయా? ఎప్పటి నుంచి?" లేదన్నాను. ఆలోచించి చెప్పమన్నాడు. ఆలోచించి, లేదన్నాను. ఆయన కేసు కాగితం మీద రాసుకున్నాడు. ఇలాంటివి కొన్ని నెలల ముందు బయటపడితే ఆపరేషన్ చేయడానికి వీలుండేదని తరువాత వేరే మాటల్లో అన్నాడు. నన్ను ఏమీ అనలేదు.

పదిహేడో నంబరు ఆ రోజుకి ఐదు నెలల ముందు, నిరుడు మార్చిలో అచ్చయింది.

ఆమెకి బాగా అలవాటైన పని ఒకటే ఉంది. ఒకే జవాబు ఉండే పజిల్ రాయడం. అందులో తప్పు వచ్చిందంటే గడ్డ అప్పటికే ఉంది. ఆ ఐదు నెలలూ నేను రోజూ ఆమెకి ఎదురుగా కూర్చుని భోంచేశాను. మార్చి పత్రిక కూడా చదివాను. పజిల్ చేశాను. జవాబు టీచరు అని చెప్పాను. "అయితే అంతేలెండి" అంది. నాకు ఏమీ కనిపించలేదు.

నెల ఏదని అడిగితే నువ్వు కూడా ఇదే లెక్క వేస్తున్నావనుకున్నాను.

అందుకే తప్పు లేదన్నాను. భయం అన్నావు కదా, అది ఇదే.

మీ బావ


జూలై 13

బావా,

ఉత్తరం చదివాను. క్యాబిన్‌కి వెళ్ళి, సాయంత్రం తిరిగి వచ్చి ఇది రాస్తున్నాను. నువ్వు ఈ బరువు ఇన్నాళ్ళు ఒక్కడివే మోస్తున్నావు, నేనేమో సైకిల్ కథలు రాశాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. నీకు తెలుసనుకున్నాను. మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి నీకూ తెలుసనే అనుకున్నాను, అక్కడే వచ్చింది గొడవంతా.

అక్క గుండ్రబల్ల పజిల్ ఎప్పుడు రాసినా రెండు జవాబులే వచ్చేవి. ఇప్పుడు కాదు, గౌన్లు వేసుకునే రోజుల నుంచీ. వేసవి సెలవుల్లో నన్ను కూర్చోబెట్టి, మా చుట్టాలందరి పేర్లూ పెట్టి పజిళ్ళు చెప్పేది. నేను ఇంకో జవాబు చెబితే "నీది అద్దంలో జవాబు, చెల్లదు" అని జుట్టు పట్టుకునేది. చెల్లుతుందని నాన్న తీర్పు చెప్పేవాడు. అక్క ఒప్పుకునేది కాదు. బారుగా వరసలో కూర్చునేవి రాస్తే ఏ తప్పూ ఉండదు. నిజం చెప్పేవాళ్ళూ అబద్ధం చెప్పేవాళ్ళూ ఉండే పజిల్ రాస్తే నాకే తల తిరిగేది, అంత బిగువుగా ఉండేది. గుండ్రబల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంతే. పత్రికకి రాయడం మొదలుపెట్టినప్పుడు నాతో ఒప్పందం చేసుకుంది. అచ్చుకి వెళ్ళేముందు నాకు పోస్టు చేస్తుంది, నేను చూసి చివర ఒక వాక్యం చేరుస్తాను, ఎవరు ఏ చేతి వైపు ఉన్నారో చెబుతూ. అదీ "ఎప్పటిలాగే" అంటే. సరదాకి పంపేది అనుకున్నావు నువ్వు. సరదాగానే ఉండేదిలే, కానీ సరదా కోసం కాదు.

ఎందుకిలా చేస్తావని ఒకసారి అడిగాను. "నువ్వు క్యాబిన్‌లోంచి కిందికి చూస్తావురా, నీకు పట్టాలన్నీ ఒకేసారి కనబడతాయి. నేను వాళ్ళతో పాటు బల్ల దగ్గర కూర్చుంటాను. కూర్చున్న మనిషికి రెండు ఎడమలు ఉంటాయా?" అంది.

మార్చి నాటికి నన్ను కొత్త సిగ్నళ్ళ శిక్షణకి పంపారు, గుర్తుందా? ఆ హాస్టల్‌లో ఉండగా అక్క పంపిన కవరు ఇంటికొచ్చి పడి ఉంది. నేను తిరిగొచ్చేసరికి పత్రిక కూడా వచ్చేసింది. నువ్వు నెల చెబితే అదేనా కాదా అని తేలిపోయేది, అందుకే అడిగాను. అప్పుడు ఫోన్ చేసి ఏడిపించాను కూడా. "ఒక్క పాఠకుడూ ఉత్తరం రాయలేదు, నువ్వూ నోరు మూసుకో" అంది. మా ఇంట్లో ఆ రోజు అందరూ నవ్వుకున్నారు.

ఆ తప్పు గడ్డది కాదు బావా. మా అక్కది.

నీ బావమరిది


జూలై 19

బావమరిదికి,

నన్ను ఓదార్చడానికి రాశావేమో అనుకున్నాను. నువ్వు అలాంటి పని చేయగలవు. ఓదార్పు రుజువు కాదు. అందుకని కాగితాలు ముందేసుకుని చూశాను.

మొదట ప్రతి గుండ్రబల్ల పజిల్‌లోనూ చివరి వాక్యం కొట్టేసి చేశాను. అన్నిటికీ రెండు జవాబులు వచ్చాయి. సంతోషించబోయాను. కానీ బిగువుగా అల్లిన పజిల్‌లో ఏ వాక్యం తీసేసినా అది విడిపోవాలి. కాబట్టి దానితో ఏమీ తేలదు. రెండోసారి తొందరపడి మంచి పైపు బద్దలు కొట్టదలచుకోలేదు.

తరువాత వాక్యాలని వాక్యాలుగా చదివాను. ఆమె ఆధారాల్లో మనుషులు ఏదో ఒకటి చేస్తూ ఉంటారు. పక్కవాడి చేతిలోంచి పేపరు లాక్కుంటారు, ఎదుటివాణ్ణి చూసి ఆవలిస్తారు. చివరి వాక్యంలో మాత్రం ఎవరూ ఏమీ చేయరు. "ప్లంబరుకి కుడి పక్క నర్తకి." "లాయరుకి ఎడమ పక్క ఉన్నది వైద్యుడు కాదు." సిగ్నల్ క్యాబిన్‌లోంచి వచ్చినట్టు ఉంటాయి. అడిగే ప్రశ్న సంగతి వదిలేస్తే, కుడి, ఎడమ అన్న మాటలు ఒక్క చివరి వాక్యంలోనే ఉన్నాయి. ఆమె రాసిన ఏ ఆధారంలోనూ లేవు. పుస్తకంలోని అన్నిటికన్నా పాత పజిల్‌లో కూడా ఇదే వరస.

నువ్వు నిజమే చెప్పావు.

దీని వల్ల ఏం తేలింది, ఏం తేలలేదు అన్నది కూడా ఆలోచించాను. మార్చి నాటికి జబ్బు లేదని తేలలేదు. ఉండి ఉండవచ్చు. పదిహేడో నంబరు దానికి గుర్తు కాదని మాత్రం తేలింది. డాక్టరుకి నేను చెప్పిన జవాబు తప్పో ఒప్పో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. తెలియకపోవడం వేరు, తెలిసి ఉండవలసింది అనుకోవడం వేరు. ఈ తేడా ఇంతకు ముందు నాకు పట్టుబడలేదు.

ఇన్నేళ్ళు ఆమెకి తప్పే రాదనుకున్నాను. మీ ఇంట్లో అందరికీ తెలిసినది నాకు తెలియలేదు. నా ముందు అలా కనబడటం ఆమెకి ఇష్టమేమో. లేక నేను అడగలేదేమో.

నిన్న మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆమె కుర్చీలో కూర్చున్నాను. ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడి నుంచి నా కుర్చీ, దాని వెనక గోడ మీద పెచ్చు లేచిన చోటు కనిపిస్తాయి. ఆ గోడకి సున్నం వేయించమని ఆమె అన్నేళ్ళు ఎందుకు చెప్పిందో అర్థమైంది. నాకు అది వెనక పడుతుంది.

పదిహేడోదానికి చివరి వాక్యం నేనే రాశాను: "నర్సుకి కుడి పక్క డ్రైవరు." సరిచూసి చెప్పు.

మీ బావ


జూలై 24

బావా,

ముందు సున్నం వేయించు.

నీ వాక్యం చూశాను. డ్రైవరు దర్జీ పక్కన ఉన్నాడా? దర్జీకి నర్సు ఎదురా? మరి అదే డ్రైవరు నర్సు పక్కకి ఎలా వస్తాడు, బల్ల కింద నుంచి పాక్కుంటూనా? అక్క రాస్తే రెండు జవాబులు వచ్చేవి, నువ్వు రాస్తే ఒక్కటీ రావడం లేదు. ఈ ఇంటి అల్లుడివి అనిపించుకున్నావు. మీ చెల్లెమ్మకి చదివి వినిపిస్తే చేతిలో టీ గ్లాసు పెట్టేసి మరీ నవ్వింది. నువ్వు ఆ కుర్చీలో కూర్చున్న ముక్క వచ్చేసరికి లోపలికి వెళ్ళిపోయింది.

ఇదిగో, పనికొచ్చే వాక్యం: "దర్జీకి కుడి పక్క టీచరు." ఇది పెడితే వంటావిడ ఎడమ పక్క టీచరే వస్తుంది, నువ్వు మొదటి నుంచీ చెప్పిన జవాబే. అక్క కూడా అప్పుడు "అంతేలెండి" అందన్నావు కదా, కాబట్టి ఆవిడ మనసులో ఉన్నదీ అదే అయి ఉంటుంది. సరేనంటే ప్రచురణకర్తకి నేనే రాసేస్తాను.

వస్తానని తేదీ రాయి. ఇప్పట్లో అని రాయకు.

నీ బావమరిది


జూలై 30

బావమరిదికి,

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. వారం ఉంటాను. ల్యాబులో చెప్పాను.

నీ వాక్యం బాగుంది. తప్పు లేదు. కానీ పెట్టవద్దు.

"అంతేలెండి" అన్నందుకు జవాబు టీచరే అని తేల్చకు. భోజనం దగ్గర నేను ఏది చెప్పినా ఆమె అదే మాట అనేది. ఆమె మనసులో టీచరు ఉందో నర్సు ఉందో తేల్చే ఆధారం మన దగ్గర లేదు. లేని ఆధారాన్ని మనం తయారు చేయకూడదు.

ఇంకొక కారణం ఉంది. పుస్తకంలోని మిగతా గుండ్రబల్లలన్నిటి చివరా నీ వాక్యం ఉంది. అవి మీ ఇద్దరివి. మొదటి పేజీలో నీ పేరు వేయిస్తున్నాను, నువ్వు అడగలేదని నాకు తెలుసు. పదిహేడోదానిలో మాత్రం నువ్వు లేవు, నేను లేను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆమె ఒక్కతే కూర్చుని రాసింది. అలాంటిది నా దగ్గర ఇదొక్కటే ఉంది.

కింద పొరపాటు అని వేయమంటారా అని ప్రచురణకర్త అడిగాడు. వద్దన్నాను. జవాబుల పేజీలో ఇలా ఉంటుంది:

17. టీచరు. లేదా నర్సు. మీరు వాళ్ళని ఎటు నుంచి కూర్చోబెట్టారన్న దాన్ని బట్టి.

మీ బావ